టామోక్సిఫెన్ 20 ఎం.జి.: రెండేళ్లుగా వేసుకుంటున్న మాత్రకు నా రివ్యూ

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాక డాక్టర్లు చీటీలో చివరగా రాసే మాత్ర ఇది. రోజుకి ఒకటి చొప్పున కనీసం ఐదేళ్లు వేసుకోమంటారు. నాకు నలభై ఆరేళ్లు. కాకినాడలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఈ మాత్ర మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. రేడియేషన్ రోజుల్లో నా పక్క కుర్చీలో కూర్చునే ఒక అక్క ఏడాది తిరక్కుండానే దీన్ని మానేశారు. "పెద్ద వైద్యం అంతా అయిపోయింది కదమ్మా, ఇంక ఈ చిన్న మాత్ర ఏం చేస్తుంది, ఒళ్లంతా ఆవిర్లు తప్ప" అన్నారు. ఆవిడకి ఫోన్లో చెప్పినదీ, చెప్పాలనుకుని కుదరనిదీ అంతా ఇక్కడ రాస్తున్నాను. చీటీలో చివర రాసినా, క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్ ఉన్నవాళ్ల, అంటే ఈఆర్ పాజిటివ్ వచ్చినవాళ్ల వైద్యంలో ఈ మాత్రది ముందు వరస. ఎందుకంటే ఆ క్యాన్సర్‌ని పెంచుతున్న ప్రొటీన్ మీదికి నేరుగా వెళ్లి కూర్చునేది ఇదే.

పైకి చూస్తే చెప్పుకోవడానికి ఏమీ లేదు. తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. నీళ్లతో ఇట్టే దిగిపోతుంది. అన్నం ముందు వేసుకున్నా తర్వాత వేసుకున్నా ఫర్వాలేదు. మొదట్లో పొద్దున్నే వేసుకుంటే కాస్త వికారంగా ఉండేది. డాక్టరుగారిని అడిగి రాత్రి భోజనం తర్వాతకి మార్చుకున్నాను, అది తగ్గిపోయింది. ధర విషయానికొస్తే, పది మాత్రల స్ట్రిప్ నేను కొన్న ఏ కంపెనీదైనా వంద రూపాయలు దాటలేదు. పేటెంటు ఎప్పుడో అయిపోయింది కాబట్టి చాలా కంపెనీలు తయారుచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ ఇది ఉంది. క్యాన్సర్ మందు అనగానే ఇల్లు తాకట్టు పెట్టాలేమో అని భయపడే మనలాంటి కుటుంబాలకు ఈ ఒక్క విషయంలో ఊరట. కంపెనీ మారినా ఫర్వాలేదు, స్ట్రిప్ మీద "టామోక్సిఫెన్ సిట్రేట్" అని, 20 ఎం.జి. అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఈ మాత్ర మీకు పనికొస్తుందా లేదా అన్నది మందుల షాపులో తేలదు, బయాప్సీ రిపోర్టులో తేలుతుంది. ఆ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 అని మూడు ప్రొటీన్ల పేర్లు ఉంటాయి. కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించే ఐహెచ్‌సీ అనే పరీక్ష చేసి వీటిని చూస్తారు. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్. కణాల్లో కనీసం 1 శాతం వాటిలోనైనా ఇది కనిపిస్తే పాజిటివ్ అంటారు. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే "లో పాజిటివ్" అని విడిగా రాయాలని 2020 నుంచి అమెరికా పాథాలజిస్టుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదట నాకు ఒక ల్యాబ్ ఇచ్చిన రిపోర్టులో "ఈఆర్ పాజిటివ్" అని రెండు ముక్కలు తప్ప శాతం లేదు, స్కోరు లేదు. అదే బ్లాకు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్క) ఆసుపత్రి పాథాలజీకి పంపిస్తే వివరంగా వచ్చింది: ఈఆర్ 90 శాతం, ఆల్‌రెడ్ స్కోరు 8, పీఆర్ 60 శాతం, హెర్-2 నెగెటివ్. ఆల్‌రెడ్ స్కోరు అంటే ఎన్ని కణాలకు రంగు పట్టింది అన్నదానికి 5 వరకు, ఎంత గాఢంగా పట్టింది అన్నదానికి 3 వరకు వేసి కలిపేది. గరిష్ఠం 8. మీ రిపోర్టులో అంకెలు లేకపోతే అడిగి రాయించుకోండి. ఇంకో మాట. తీసిన ముక్క గంటలోపు, అది చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్ అనే ద్రవంలో పడాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ఇందులో తేడా వస్తే ఉన్న ఈఆర్ కూడా కనిపించకుండా పోవచ్చు. శనివారం సాయంత్రం తీసిన బయాప్సీ సోమవారం దాకా ఎక్కడ, ఎందులో ఉంటుందో అడగడం మన హక్కు.

జువాలజీ మేడం అని తెలిసి పాథాలజీ డాక్టరుగారు నా స్లైడు నాకే మైక్రోస్కోపులో చూపించారు. నీలం రంగు మధ్య గోధుమ రంగు చుక్కలు. ప్రతి చుక్కా ఒక కణకేంద్రకం. ఈ గోధుమ రంగు కణం అంచుల్లో లేదు, బయట లేదు, అంతా కేంద్రకం లోపలే ఉంది. హెర్-2 పాజిటివ్ అయితే రంగు కణం చుట్టూ పొర మీద పడుతుందట. ఈఆర్ కేంద్రకంలో ఎందుకు ఉంటుంది? దాని పని అక్కడే కాబట్టి. డీఎన్‌ఏ ఉండేది అక్కడే.

మన ప్రతి కణంలోనూ సుమారు ఇరవై వేల ప్రొటీన్ జన్యువులు ఉంటాయి. కాలేయంలో ఉండేవీ అవే, కంట్లో ఉండేవీ అవే. ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలి, ఎంత పనిచేయాలి, ఎప్పుడు ఆగాలి అన్నది నిర్ణయించడానికి వేరే ప్రొటీన్లు ఉన్నాయి. వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనిషిలో ఇవి దాదాపు 1600 రకాలు. ఇవి డీఎన్‌ఏ మీద తమకు సరిపడే అక్షరాల వరసను వెతుక్కుని అక్కడ పట్టుకుంటాయి, పక్కనున్న జన్యువుని చదివిస్తాయి లేదా ఆపేస్తాయి. ఈస్ట్రోజన్ రిసెప్టర్ వాటిలో ఒకటి. ఆరో క్రోమోజోము మీద ఉన్న ఈఎస్ఆర్1 అనే జన్యువు నుంచి తయారవుతుంది. పాజిటివ్ క్యాన్సర్లలో ఇది చేసే పని ఇది: అండాశయాల నుంచి రక్తంలో వచ్చిన ఈస్ట్రోజన్ దీని లోపల ఉన్న గుంటలో చేరుతుంది. చేరగానే ప్రొటీన్ ఆకారం మారుతుంది. రెండు రిసెప్టర్లు జతగా డీఎన్‌ఏని పట్టుకుంటాయి. ఫాక్స్-ఏ1 అనే ఇంకో ప్రొటీన్ ముందే వెళ్లి గట్టిగా చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏని అక్కడక్కడా విప్పి వీటికి చోటు చేసి ఉంచుతుంది. ఆ తర్వాత సైక్లిన్ డి1, మిక్ లాంటి, కణాన్ని విభజించమని తొందరపెట్టే జన్యువులు పనిలోకి దిగుతాయి. పీఆర్ అంటే ప్రొజెస్టిరాన్ రిసెప్టర్. ఆ జన్యువుని కూడా ఈఆరే నడిపిస్తుంది. అందుకే రిపోర్టులో పీఆర్ కూడా పాజిటివ్ వస్తే, ఈఆర్ ఊరికే ఉండడం లేదు, పనిలో ఉంది అని డాక్టర్లకు అర్థమవుతుంది. క్లాసులో ఈ పాఠం ఎన్నో సార్లు చెప్పాను, కానీ నా సొంత రిపోర్టులో ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడు అర్థమైనంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇప్పుడు మాత్ర సంగతి. టామోక్సిఫెన్ కూడా అదే గుంటలోకి వెళ్తుంది. కానీ దీనికి ఈస్ట్రోజన్‌కి లేని పొడవాటి తోక ఒకటి ఉంది. రిసెప్టర్‌లో పన్నెండో హెలిక్స్ అనే చిన్న భాగం ఉంటుంది. ఈస్ట్రోజన్ లోపలికి వెళ్లినప్పుడు అది గుంట మీద మూతలా మూసుకుంటుంది. అప్పుడే పక్కన ఒక గాడి తయారై, జన్యువుని నడిపించే సహాయక ప్రొటీన్లు వచ్చి అక్కడ కూర్చుంటాయి. చీర కొంగు బయటికి వేలాడుతుంటే సూట్‌కేసు మూత పడనట్టు, టామోక్సిఫెన్ తోక అడ్డం పడి ఆ హెలిక్స్ మూసుకోదు. పక్కకి తిరిగి, సహాయక ప్రొటీన్లు కూర్చోవలసిన గాడిలోనే అది పడిపోతుంది. రిసెప్టర్ డీఎన్‌ఏ మీద ఉంటుంది కానీ పని మొదలవదు. పైగా జన్యువుని ఆపే ప్రొటీన్లు వచ్చి చేరతాయి. 1998లో ఈ ఆకారాన్ని ఎక్స్-రే పద్ధతిలో అణువు అణువుగా చూసి నిర్ధారించారు. మాత్ర క్యాన్సర్ కణాన్ని కీమోలాగా నేరుగా విషం పెట్టి చంపదు. ఎదగమనే ఆజ్ఞ దానికి అందకుండా చేస్తుంది. ఒంట్లో ఎక్కడో నక్కి ఉన్న ఒకటీ అరా కణం కూడా రోజూ ఆ ఆజ్ఞ కోసం చూస్తుంది, కాబట్టి మాత్ర కూడా రోజూ ఉండాలి. మానేసిన అక్కకి నేను ముఖ్యంగా చెప్పింది ఇదే. కీమో అయిపోయాక ఇచ్చే బలం మందు అనుకున్నారట ఆవిడ.

ఇంత చవకైన మాత్ర వెనక ఎంత చరిత్ర ఉందో చదివితే గౌరవం పెరుగుతుంది. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డలు తగ్గాయని రాశాడు. ఎందుకు తగ్గాయో అప్పటికి ఎవరికీ తెలియదు, హార్మోన్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. 1950ల చివర్లో చికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక ఈస్ట్రోజన్‌ని ఎలుకలకిచ్చి, గర్భాశయం లాంటి కొన్ని అవయవాలే దాన్ని పట్టి ఉంచుకుంటాయని చూపించి, రిసెప్టర్ ఉందని కనిపెట్టాడు. మాత్ర మాత్రం క్యాన్సర్ కోసం పుట్టలేదు. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే కెమిస్టు దీన్ని తయారుచేసింది. అప్పటి పేరు ఐసీఐ 46,474. గర్భం రాకుండా చేసే మాత్ర కోసం వెతుకుతున్నారు. ఎలుకల్లో పనిచేసింది, స్త్రీలలో తీరా చూస్తే అండం విడుదలని పెంచింది. అక్కడితో మూలన పడిపోవలసిన మందు. 1971లో మాంచెస్టర్ క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ బృందం ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 46 మందికి ఇచ్చి చూస్తే 10 మందిలో మంచి ఫలితం కనిపించింది. 1977లో అమెరికా అనుమతి వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఎక్కువ కాలం వాడాలన్న ఆలోచనకు క్రెయిగ్ జోర్డన్ ఎలుకల మీద చేసిన పరిశోధన పునాది. డోరా రిచర్డ్‌సన్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు. మా పిల్లలకు నేను చెబుతున్నాను.

ఫలితం ఎంత? 2011లో లాన్సెట్ పత్రికలో 20 ట్రయల్స్, 21 వేలకు పైగా స్త్రీల వివరాలు కలిపి లెక్కగట్టారు. ఈఆర్ పాజిటివ్ వాళ్లలో సుమారు ఐదేళ్లు టామోక్సిఫెన్ వాడితే, 15 ఏళ్ల కాలంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. గమనించండి, వాడింది ఐదేళ్లు, మేలు కనిపించింది పదిహేనేళ్లు. ఈఆర్ నెగెటివ్ వాళ్లలో చెప్పుకోదగ్గ మేలు ఏమీ లేదు. తాళం లేని చోట తాళంచెవి ఎందుకు అని మీరు అడగకముందే ఆ లెక్క జవాబు చెప్పేసింది. కాబట్టి "మా పక్కింటావిడకి పనిచేసింది, నాకూ రాయండి" అనే మందు ఇది కాదు.

మా స్టూడెంట్ ఒకమ్మాయి అడిగింది: "క్యాన్సర్‌లో ముఖ్యమైన ప్రొటీన్ పి53 అని చెప్పారు కదా మేడం, మరి దానికి మాత్ర లేదా?" చాలా మంచి ప్రశ్న. పి53 కూడా జన్యువులను నడిపే ప్రొటీనే. డీఎన్‌ఏ దెబ్బతింటే కణాన్ని ఆపమనీ, మరీ దెబ్బతింటే చచ్చిపొమ్మనీ చెప్పే జన్యువులను అది నడిపిస్తుంది. 1979లో కనిపెట్టారు. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో సుమారు సగంలో దాని జన్యువు చెడిపోయి ఉంటుంది. కానీ అక్కడ సమస్య తిరగబడింది: ఎక్కువ పనిచేస్తున్న ప్రొటీన్‌ని ఆపడం ఒకటి, పాడైపోయిన దాన్ని బాగుచేయడం ఇంకొకటి. మిక్ అయితే ఎన్నో క్యాన్సర్లలో అతిగా పనిచేస్తుంది, కానీ మందు పోయి కూర్చోవడానికి దానికి సరైన గుంటే లేదు. ఈఆర్‌కి ప్రకృతే హార్మోన్ కోసం ఒక గుంట పెట్టింది, మనం దాన్ని వాడుకున్నాం. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఆండ్రోజన్ (పురుష హార్మోన్) రిసెప్టర్ కథ కూడా ఇదే, ఎంజాలుటమైడ్ లాంటి మందులు పనిచేసేది అక్కడే. ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్‌లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై, విటమిన్-ఏ రిసెప్టర్ ఇంకో ప్రొటీన్‌తో అతుక్కుపోతుంది. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన ఆ జబ్బు, ఇప్పుడు విటమిన్-ఏ నుంచి వచ్చే ఏటీఆర్ఏ క్యాప్సూల్‌తో, ఆర్సెనిక్‌తో చాలామందికి పూర్తిగా నయమవుతోంది. ఆ వైద్యం చైనాలో షాంఘై, హార్బిన్ డాక్టర్ల దగ్గర మొదలైంది. ఇవన్నీ నా మాత్రకి చుట్టాలు.

ఇబ్బందులు దాచకుండా చెప్పాలి, రివ్యూ అన్నాక. వేడి ఆవిర్లు నిజం. నాకు మొదటి ఆరు నెలలు బాగా ఎక్కువ. క్లాసులో బోర్డు మీద రాస్తుండగా మెడ దగ్గర మొదలై ముఖమంతా ఎర్రబడి చెమటలు పట్టేవి, రెండు మూడు నిమిషాల్లో తగ్గేవి. మే నెల కాకినాడ ఉక్కలో వాటిని భరించడం చాలా కష్టం. రాత్రి నిద్ర చెడిపోవడం వల్ల మర్నాడు విసుగు. నాకు నూలు చీరలు, తలగడ పక్కన తడి తువ్వాలు, సాయంత్రం తర్వాత కాఫీ మానేయడం పనికొచ్చాయి. మా అత్తయ్యగారు "ఈ వయసులో అందరికీ వచ్చేదేనమ్మా, నాకూ వచ్చాయి" అని రాత్రిళ్లు లేచి ఫ్యాన్ స్పీడు పెంచేవారు. ఆ మాట ఏ మందుకీ తీసిపోలేదు. ఏడాది దాటాక బాగా తగ్గాయి. నెలసరి క్రమం తప్పింది, అప్పుడప్పుడూ కాళ్లు పట్టేస్తాయి.

అరుదే అయినా తెలిసి ఉండవలసినవి రెండు. ఒకటి గర్భాశయం. ఇక్కడే ఈ మందు విచిత్రం బయటపడుతుంది: రొమ్ములో ఈస్ట్రోజన్‌కి అడ్డుపడే ఇదే మాత్ర గర్భాశయంలో ఈస్ట్రోజన్ లాగా ప్రవర్తిస్తుంది. కారణం, ఒక్కో అవయవంలో సహాయక ప్రొటీన్ల పాళ్లు వేరు. దానివల్ల లోపలి పొర మందం కావచ్చు, కొద్దిమందిలో గర్భాశయ క్యాన్సర్ రావచ్చు. ఈ ప్రమాదం ఎక్కువగా నెలసరి ఆగిపోయినవాళ్లలో, యాభై దాటినవాళ్లలో. అసాధారణంగా రక్తం కనిపిస్తే సిగ్గుపడి ఊరుకోకుండా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. రెండోది కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం. ఒక కాలి పిక్కే వాచి నొప్పి వచ్చినా, ఒక్కసారిగా ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి. హైదరాబాద్‌కి రాత్రి బస్సులో వెళ్లేటప్పుడు నేను మధ్యలో ఆగిన చోటల్లా దిగి నడుస్తాను, నీళ్లు తాగుతాను. పెద్ద ఆపరేషన్ ఏదైనా చేయించుకునే ముందు ఈ మాత్ర వాడుతున్నట్టు తప్పక చెప్పాలి. కళ్లు కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది, శుక్లాలు రావచ్చు. మంచి వైపు చూస్తే, నెలసరి ఆగినవాళ్లలో ఎముకలకు ఇది మేలు చేస్తుంది, చెడు కొలెస్ట్రాల్ కాస్త తగ్గుతుంది.

ఇంకో విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. టామోక్సిఫెన్ మింగినది మింగినట్టే పూర్తి బలంతో పనిచేయదు. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము దాన్ని ఎండాక్సిఫెన్‌గా మారుస్తుంది, రిసెప్టర్‌ని గట్టిగా పట్టుకునేది అది. ఆ ఎంజైముని అడ్డుకునే మందులు వేసుకుంటే ఎండాక్సిఫెన్ తగ్గిపోతుంది. దిగులుకీ టెన్షన్‌కీ ఇచ్చే పరాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ అలాంటివి. ఆవిర్లకి కూడా ఆ తరహా మందులు ఇస్తుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వెన్లాఫాక్సిన్‌తో ఆ ఇబ్బంది చాలా తక్కువ. మన కోస్తా తేమలో ఎప్పుడూ ఉండే తామరకి రాసే టెర్బినాఫిన్ మాత్రలు కూడా ఆ ఎంజైముని గట్టిగా అడ్డుకుంటాయి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా నేను టామోక్సిఫెన్ స్ట్రిప్ సంచిలోనుంచి తీసి బల్ల మీద పెడతాను. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. చిన్న వయసు వాళ్లు గుర్తుంచుకోవలసింది, ఈ మాత్ర వాడుతున్నప్పుడు గర్భం రాకూడదు, కడుపులోని బిడ్డకు హాని. గర్భనిరోధక మాత్రలు హార్మోన్లతో చేసినవి కాబట్టి అవి పనికిరావు, కాపర్-టీ లాంటివే. బిడ్డ కావాలనుకునేవాళ్లు దిగులుపడక్కర్లేదు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు వైద్యం తీసుకున్నాక డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం ఆపి బిడ్డను కని, మళ్లీ మొదలుపెట్టిన స్త్రీలలో ఆ కొద్ది సంవత్సరాల్లో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదని 2023లో "పాజిటివ్" అనే పేరున్న ట్రయల్ చూపించింది.

అమ్మే విధానం మీద నాకు చాలా కోపం ఉంది. మా వీధి చివర ఒక మందుల షాపులో 20 ఎం.జి. అడిగితే 10 ఎం.జి. స్ట్రిప్ ఇచ్చి "రెండూ ఒకటే మేడం" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. చదువుకున్నదాన్ని కాబట్టి వెనక్కిచ్చాను. చదవడం రాని మనిషైతే సగం మోతాదుతో నెలల తరబడి గడిపేసేది. ఇంకోచోట స్టాకు లేదని వారం తిప్పించుకున్నారు. ఇప్పుడు నేను ఇంట్లో కనీసం రెండు నెలలకి సరిపడా ఉంచుకుంటున్నాను. లోపల కాగితం పెట్టిన స్ట్రిప్పులు తక్కువ. పెట్టిన చోట చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాలు. ఈ మాత్ర వేసుకునేవాళ్లలో ఎంతమంది అది చదవగలరు? రక్తం కనిపిస్తే రావాలి, పిక్క వాస్తే రావాలి, ఫలానా మందులు కలపకూడదు, చెప్పకుండా మానేయకూడదు. ఈ నాలుగు మాటలు పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక చీటీ మీద వేసి స్ట్రిప్‌తో పాటు ఇస్తే ఎంత ఖర్చవుతుంది? పెద్ద సంఖ్యలో స్త్రీలు ఐదేళ్లు పూర్తి కాకుండానే ఈ తరహా మాత్రలు మానేస్తున్నారని దేశదేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మాత్రలో లోపం లేక కూడా ప్రాణాలు పోతున్నాయంటే, అది మాట చెప్పనందువల్ల.

జువాలజీ మేడంగా మార్కులు వేయమంటే: పనితీరుకి 10కి 9, ధరకి 10కి 10, ఒళ్లు పడే ఇబ్బందికి 10కి 6, మనిషికి విషయం చెప్పే విషయంలో 10కి 2. పనితీరులో ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, కొందరిలో క్యాన్సర్ దీన్ని దాటుకుని తిరిగొస్తుంది. ఈఎస్ఆర్1 జన్యువులోనే మార్పు వచ్చి, ఆ పన్నెండో హెలిక్స్ దగ్గర అక్షరం మారి, ఈస్ట్రోజన్ లేకుండానే రిసెప్టర్ పనిచేయడం మొదలుపెడుతుంది. ఈ మార్పు టామోక్సిఫెన్ కన్నా లెట్రోజోల్ లాంటి, అసలు ఈస్ట్రోజన్ తయారీనే ఆపే మాత్రల తర్వాత ఎక్కువ కనిపిస్తుంది. అప్పటికి రిసెప్టర్‌నే కరిగించేసే ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ ఉంది. 2023లో ఎలాసెస్ట్రాంట్ అనే మాత్రకీ అమెరికాలో అనుమతి వచ్చింది. ప్రొటీన్ మారితే దాని వెంట మందూ మారుతోంది, శాస్త్రవేత్తలు ఆగలేదు.

ఐదేళ్లా పదేళ్లా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. 2012లో వచ్చిన అట్లాస్ ట్రయల్‌లో 6846 మంది ఈఆర్ పాజిటివ్ స్త్రీలలో సగం మంది ఐదేళ్లకు ఆపేశారు, సగం మంది పదేళ్లు కొనసాగించారు. ఐదో ఏడు నుంచి పద్నాలుగో ఏడు దాకా చూస్తే రొమ్ము క్యాన్సర్ మరణాలు ఆపినవాళ్లలో 15 శాతం, కొనసాగించినవాళ్లలో 12.2 శాతం. గర్భాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు 1.6 శాతం నుంచి 3.1 శాతానికి పెరిగారు, దానివల్ల మరణాలు 0.2 నుంచి 0.4 శాతానికి. అందరికీ పదేళ్లు అక్కర్లేదు, గడ్డ సైజు, చంకలోని లింఫ్ గ్రంథులకు పాకిందా లేదా, వయసు చూసి డాక్టరు చెబుతారు. నాకు గ్రంథుల్లో ఒకదానికి పాకింది కాబట్టి ఇబ్బంది లేకపోతే కొనసాగించాలనే నా ఆలోచన. ఆలోగా నెలసరి పూర్తిగా ఆగిపోతే లెట్రోజోల్‌కి మార్చవచ్చని మా డాక్టరుగారు అంటున్నారు. దానికి ముందు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే టామోక్సిఫెన్ లాగా అది ఎముకల్ని కాపాడదు. మార్చుకుంటే దాని గురించి కూడా రాస్తాను. మానేసిన అక్క మాత్రం పోయిన నెల మళ్లీ డాక్టరుని కలిశారు, ఆవిర్లకి వెన్లాఫాక్సిన్ చిన్న మోతాదు కలిపి మాత్ర మళ్లీ మొదలుపెట్టించారు.